దొడ్డిలో తుప్పుపట్టుచున్న ట్రాక్టరు

కృష్ణా గోదావరీ డెల్టాలలో ఏ పాత రైతు లోగిలి వెనుకకు పోయినను, గడ్డివామికిని పశువులపాకకును నడుమ, టైర్లలో గాలి పోయి, తిప్పతీగె అల్లుకొనిన ట్రాక్టరొకటి, దాని చుట్టును దమ్ము చక్రములు, గొర్రు, డిస్కు నాగలి, పనిమానిన ఆయిలింజను కానవచ్చుట వింతకాదు. ఇంటి యువకులు దానిని తూకపు ఇనుముగా లెక్కింతురు. వృద్ధులు దాని జోలికి ఎవ్వరిని రానీయరు. వీరిలో ఎవరి మాట నిలుపవలెనన్నది ఆ యంత్రమునే పరీక్షించి తేల్చుకొనవలసిన విషయమని నా అభిప్రాయము.

వృద్ధుల మమకారమునకు చారిత్రకమైన హేతువు కలదు. మన దేశమున తయారైన తొలి ట్రాక్టరు ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారము నుండి 1959 ఏప్రిల్ 24న వెలువడినది. అంతవరకు విదేశముల నుండి ఓడలలో దిగినవే మనకు గతి. పిదప మదరాసున టాఫే వారు మాసీ ఫెర్గూసనును, బొంబాయిన మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టరు సహకారముతో బి-275ను, 1971లో పింజోరున హెచ్.ఎం.టి. వారు చెకోస్లోవేకియా దేశపు జెటార్ నమూనాను తయారుచేసిరి. 1974లో వచ్చిన స్వరాజ్ దుర్గాపురములోని మన శాస్త్రజ్ఞుల రూపకల్పన. 1969లో బ్యాంకులు జాతీయమైన పిదప ఋణములు పల్లెలకు చేరి, ఎడ్లజతలను అమ్ముకొని యంత్రమును ఇంటికి తెచ్చుకొనిన ఆ తరమునకు, అది తమ సాహసమునకు సాక్ష్యము. దానిని తూకమునకు వేయుమన్నచో వారి మనస్సు నొచ్చుట సహజము.

అయితే మమకారము తుప్పును ఆపజాలదు. ఇనుమునకు నీరును ప్రాణవాయువును ఏకకాలమున తగిలిననే తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో దాని వేగము హెచ్చును. కనుకనే దివిసీమ, కోనసీమలలో సముద్రపు గాలి తగులు ఊళ్ళలోని యంత్రము మెట్టసీమలోని దానికంటె త్వరగా పాడగును. ఎరువు మరియొక శత్రువు. పొటాషులోని క్లోరైడు లవణము గాలిలోని చెమ్మను పీల్చుకొని ఇనుమునంటియుండును. బస్తాలు మోసిన ట్రక్కు అడుగురేకు చిల్లులుపడుటకు అదియొక కారణము. దమ్ము చక్రముల సంగతి చూడుడు. ఆఖరి మడి దమ్ముచేసి వచ్చిననాడు కడుగక గోడకు చేరవేసినచో, పట్టీల మూలలలోని బంకమట్టి, వాన వెలిసిన కొన్నాళ్ళకు పైకి పొడిగానే కనబడును గాని, గునపపు మొనతో పెకలించినచో లోపలి తడి చేతికి చల్లగా తగులును. దాని క్రింది ఇనుము పొరలు పొరలుగా అప్పడమువలె విరిగి రాలును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె హెచ్చు స్థలమాక్రమించును. నట్లు మరలపై బిగిసిపోవుటయు, అతుకుల వద్ద రేకు ఉబ్బుటయు అందువలననే.

ఇంజనునకు ప్రమాదము పైనుండి వచ్చును. నిలువుగానున్న సైలెన్సరు గొట్టమునకు మూత లేనిచో వాననీరు తిన్నగా లోనికి దిగి, ఏ సిలిండరు వాల్వు తెరచియున్నదో దానిలోనికి చేరును. రింగులు లైనరునకు తుప్పుతో అతుకుకొనును. ఇంజను పట్టేసినదని మెకానిక్కులనునది దీనినే. పాత రైతు ఆ గొట్టముపై బోర్లించిన డాల్డా డబ్బా, చూచుటకు అల్పమైనను, ఎంతటి ఖర్చునో తప్పించినది! పట్టేసిన ఇంజనుపైనను వెంటనే ఆశ వదలుకొనరాదు. నాజిళ్ళు విప్పి, సిలిండర్లలో డీజిలును ఇంజనాయిలును కలిపి పోసి, కొన్నాళ్ళు నాననిచ్చి, ఫ్లైవీలును కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు మెల్లగా కదల్పవలెను. తొందరపడి మరియొక ట్రాక్టరుకు గొలుసుకట్టి లాగించినవారు రింగులు విరుగగొట్టుకొందురు. అడుగు ఆయిలు తెల్లబారియున్నచో నీరు కలిసినదని గ్రహించి, దానిని పూర్తిగా తీసివేయక స్టార్టు చేయరాదు.

ఇక నా తీర్పు. పలుచని రేకుతో చేసిన విత్తనపు పెట్టె, ట్రక్కు తొట్టి, మడ్‌గార్డు చిల్లులుపడినచో వాటిపై సొమ్ము వెచ్చించుట వ్యర్థము. మందపు ఇనుముతో చేసిన గొర్రు, డిస్కు నాగలి పైకి ఎఱ్ఱబారినను, గీకి నూనె పూసినచో ఇంకను దున్నును. ఇంజను చేతితో తిరుగుచున్న ట్రాక్టరును మాత్రము తూకమునకు వేయకుడు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ నిలిచిపోయినది. అట్టి బండిని ఇంకను నడుపుచున్న రైతునకు మీ దొడ్డిలోని గేరుబాక్సు పాత ఇనుము ధరకంటె ఎంతయో విలువైనది.

అమ్మివేయుటకే నిశ్చయించినచో ఒక సంగతి మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ననుసరించి, వాహనము శాశ్వతముగా పనికిరాకపోయినచో యజమాని ఆ విషయమును 14 దినములలో, లేక వీలైనంత త్వరలో, రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, పత్రమును అప్పగింపవలెను. తాతగారి పేరనున్న ఆ పత్రము ఏ ట్రంకుపెట్టె అడుగుననో ఉండును. పాత ఇనుము కొనువానిని పిలుచుటకు ముందు దానిని వెదకి తీయుడు.