కాలు తాళం తప్పింది... ఫోన్‌లో!

పామర్రు దాటి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కాసేపటికి కూచిపూడి వస్తుంది. ఆ ఊళ్లో ఒక నాట్యం మాస్టారింటి వరండాలో కిందటేడు ఎండాకాలం జరిగిన సంగతి ఇది. మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఫోన్ ఆటలు తయారు చేసే ఉద్యోగం చేస్తాడు. తీరిక దొరికినప్పుడు సొంతంగా ఓ యాప్ మొదలెట్టాడు. తెర మీద ఓ బొమ్మ సత్యభామ వేషంలో అడుగులు వేసి చూపిస్తుంది. నేర్చుకునే పిల్లలు దాన్ని చూసి ఇంట్లో సాధన చేసుకోవచ్చు. తన ల్యాప్‌టాప్‌లో బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది. ఆ ధైర్యంతోనే నన్నూ వెంటేసుకుని వెళ్లాడు.

మాస్టారు అక్కడున్న ఓ శిష్యురాలి ఫోన్‌లో వేయమన్నారు. ఎనిమిది వేల రూపాయల పాత ఫోన్ అది. రెండు నిమిషాలు చూసి, "అబ్బాయ్, పాట ముందుకెళ్లిపోతోంది. కాలు వెనకబడుతోంది" అన్నారు.

"నెట్ స్లోగా ఉన్నట్టుంది మాస్టారూ."

"అంతా ఫోన్‌లోనే ఉంది, నెట్ అక్కర్లేదన్నావు కదయ్యా ఇందాక?"

వాడి దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల మాత్రం ఆ బొమ్మను చూస్తూనే కాలు వేస్తోంది... ఆలస్యంగా. నాకు భయమేసింది. తప్పు తాళం ఒకసారి కాలికి అలవాటైతే మళ్లీ వదిలించడం ఎంత కష్టమో నాట్యం నేర్చుకున్నవాళ్లకి తెలుసు.

అసలు తెర మీద బొమ్మ కదలడం అంటే ఏమిటి? మామూలు ఫోన్ తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మను చూపిస్తుంది. దాన్నే ఫ్రేమ్ అంటారు. అంటే ఒక్కో ఫ్రేమ్ గీయడానికి దొరికే సమయం 16.6 మిల్లీ సెకన్లు. 17 పట్టిందనుకోండి, ఏమవుతుంది? అరక్షణం లేటే కదా అనుకుంటాం. కానీ పామర్రు బస్టాండుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళితే ఏమవుతుందో అదే అవుతుంది. బస్సు వెళ్లిపోతుంది, తర్వాతి బస్సు దాకా పడిగాపులే. తెర పాత బొమ్మనే ఇంకోసారి చూపించేసి, కొత్తదాన్ని 33 మిల్లీ సెకన్ల దగ్గర ఎక్కించుకుంటుంది.

మరి ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడం ఎలా? మామూలు ప్రోగ్రాం అయితే మధ్యమధ్యలో 'ఇక్కడిదాకా వచ్చాను' అని ఒక మాట ముద్రించమని చెప్పి చూసుకోవచ్చు. బొమ్మలు గీసే చిప్పులో, అంటే జీపీయూలో, వేలకొద్దీ చుక్కలకు ఒకేసారి రంగు పడుతుంటుంది. అక్కడ మాట చెప్పించడం అంత తేలిక కాదు. అందుకని పాతకాలం వాళ్లు అనుమానమున్న చోట ఎర్ర రంగు పూయించి చూసేవాళ్లు. ఎర్రగా కనిపిస్తే ప్రోగ్రాం అక్కడిదాకా వచ్చినట్టు. ఇప్పటికీ ఆ పద్ధతి పోలేదనుకోండి!

ఈ పనికే పుట్టిన సాఫ్ట్‌వేర్లున్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లకు పిక్స్, ఎన్విడియా వాళ్లకు ఎన్‌సైట్, ఫోన్ చిప్పుల కోసం క్వాల్కమ్ వాళ్లకు స్నాప్‌డ్రాగన్ ప్రొఫైలర్. మావాడికి ఇష్టమైనది రెండర్‌డాక్. బాల్డర్ కార్ల్‌సన్ అనే ఆయన క్రైటెక్ అనే ఆటల కంపెనీలో పని చేస్తూ మొదలెట్టి, 2014లో అందరికీ ఉచితంగా, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి కూడా వాడొచ్చు.

ఆ సాయంత్రం వరండాలోనే పని మొదలైంది. రెండర్‌డాక్ చేసేది ఒక్క ఫ్రేమ్‌ని పట్టి ఆపడం. ఆ ఫ్రేమ్ ఎలా తయారైందో మళ్లీ మొదట్నుంచి ఒక్కో అడుగే వేసి చూపిస్తుంది. ముందు నేల వచ్చింది. తర్వాత దీపపు సెమ్మె, పారాణి కాళ్లు, చీర, ముందు విచ్చుకునే కుచ్చిళ్లు... అచ్చం తెర వెనక వేషం కడుతున్నట్టే ఉంది. మాస్టారు కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

జడ దగ్గరికొచ్చేసరికి దొంగ దొరికాడు. భామాకలాపంలో సత్యభామ జడ సంగతి తెలిసిందే కదా. మావాడు ముచ్చటపడి జడబిళ్లలు, పూసలు, కుచ్చులు అన్నీ విడివిడిగా చేశాడు. దాంతో ప్రతి పూసకీ 'ఇది గీయి' అని చిప్పుకి వేరే ఆజ్ఞ వెళుతోంది. ఒక్క జడకే మూడొందల పైచిలుకు! మొత్తం జడని ఒకే ముక్కగా కలిపేస్తే ఆ బరువు తగ్గింది.

రెండోది హారతి పొగ. పారదర్శకంగా ఉండే పొరలు ఒకదాని మీద ఒకటి పడితే అదే చుక్కకి పదేపదే రంగు వేయాల్సి వస్తుంది. దీన్ని ఓవర్‌డ్రా అంటారు. మామూలు యాప్‌లలో దీన్ని మీరూ చూడొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో జీపీయూ ఓవర్‌డ్రా ఆన్ చేస్తే, ఒకసారి అదనంగా పూసిన చోట నీలం, రెండుసార్లయితే ఆకుపచ్చ, మూడైతే గులాబీ, నాలుగు లేదా అంతకంటే ఎక్కువైతే ఎరుపు కనిపిస్తాయి. చూశాక ఆపేయడం మర్చిపోకండి, ఇంట్లోవాళ్లు ఫోన్ పాడైందనుకుంటారు.

పొగ తీసేశాక బొమ్మ చురుగ్గా ఆడింది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, పది నిమిషాలు ఆడేసరికి మళ్లీ అదే తంతు. ఈసారి ఆపిన ఫ్రేమ్‌లో తప్పేమీ లేదు. ప్రొఫైలర్ అవసరం అక్కడే. డీబగ్గర్ ఒక్క క్షణాన్ని విప్పి చూపిస్తే, ప్రొఫైలర్ నాడి పట్టుకుని కూర్చుంటుంది. గ్రాఫ్‌లో చిప్పు వేగం మెట్లు దిగినట్టు దిగుతోంది. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. ఏసీ ఆఫీసులో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

60 కోసం పాకులాడకుండా నిలకడగా 30 ఫ్రేములకు దించాడు. కానీ అసలు తప్పు ఇంకోటుంది. అది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. వాడి ప్రోగ్రాంలో ఒక్కో ఫ్రేమ్‌కి నాట్యం ఇంత ముందుకు జరగాలని రాసి ఉంది. ఫ్రేములు తగ్గితే నాట్యం నెమ్మదిస్తుంది, పాట మాత్రం దాని దారిన అది పోతుంది. ఒక్కో ఫ్రేమ్‌ని విడిగా చూస్తే అన్నీ సరైనవే! మాస్టారు మొదటి రెండు నిమిషాల్లో చెప్పింది సరిగ్గా ఇదే. మేమే వినిపించుకోలేదు. పాట ఎక్కడుందో అడిగి దాన్నిబట్టి బొమ్మని నిలబెట్టేలా నాలుగు వరుసలు మార్చాడు. ఇప్పుడు ఫ్రేమ్ తప్పినా తాళం తప్పదు.

మొన్న దసరాకి మళ్లీ వెళ్లాం. అదే పిల్ల, అదే ఫోన్. మాస్టారు చివరిదాకా చూశారు.

"కాలు కుదిరిందయ్యా. కళ్లేవీ?"

బరువు తగ్గించే హడావుడిలో మావాడు కనుగుడ్లని కదలకుండా బిగించేశాడు. ఇప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కి 29 మిల్లీ సెకన్లు పడుతోంది. 33లో ఇంకా నాలుగు మిగిలాయి. కళ్లని ఆ నాలుగింటిలో ఇరికించాలని కూర్చున్నాడు.