గొట్టంలో పాత గాలి

అమ్మడూ, స్నార్కెల్ నోట్లో పెట్టుకుని నీళ్లలో ముఖం ముంచగానే ఊపిరాడనట్టు అనిపించడం చాలామందికి ఉన్నదే. ఈత బాగా వచ్చినవాళ్లకీ ఉంటుంది. గొట్టం పైకొస గాలిలోనే ఉంది, దారికి అడ్డమేమీ లేదు, అయినా గుండె దడదడలాడుతుంది. అది పిరికితనం కాదు. నువ్వు వదిలిన గాలే మళ్లీ నీ లోపలికి వస్తోంది, అదీ సంగతి.

ఎండాకాలం మధ్యాహ్నం కుళాయి తిప్పితే ముందు గొట్టంలో నిలిచి కాగిన నీళ్లు వస్తాయి కదా, అవి పోతేగాని చల్లనివి రావు. ఊపిరీ అంతే. మన ముక్కు, గొంతు, వాయునాళాల్లో దాదాపు 150 మిల్లీలీటర్ల గాలి నిలవ ఉంటుంది. ఊపిరి వదిలాక అక్కడ మిగిలేది వాడేసిన గాలి. మళ్లీ పీల్చినప్పుడు ఊపిరితిత్తులకి ముందుగా చేరేది అదే. మామూలు ఊపిరి ఒకటి 500 మిల్లీలీటర్లు ఉంటుంది గనక మనకి తేడా తెలియదు. స్నార్కెల్ ఆ నిలవకి ఇంకో 150 దాకా కలుపుతుంది.

ఇప్పుడు నువ్వే లెక్క వెయ్యి. కంగారులో పైపైన పీలిస్తే ఒక్కో ఊపిరి 300 మిల్లీలీటర్లు అనుకో. నీ నిలవ 150, గొట్టం నిలవ 150 పోతే కొత్త గాలి ఎంత? సున్నా! నిమిషానికి ముప్పైసార్లు ఎగపోసినా లెక్కకి మిగిలేది సున్నాయే. అదే నిదానంగా, లీటరు చొప్పున, నిమిషానికి పదిసార్లు పీల్చావనుకో. ఒక్కోసారి 700 మిల్లీలీటర్ల కొత్త గాలి, నిమిషానికి ఏడు లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషికి నాలుగైదు లీటర్లు చాలు. ఆయాసం వస్తే గబగబా పీల్చమని ఒళ్లు తొందరపెడుతుంది. నోట్లో గొట్టం ఉన్నప్పుడు మాత్రం ఆ మాట వినకూడదు.

ఆ తొందర ప్రాణవాయువు తగ్గడం వల్ల అనుకుంటాం. నిజానికి వదిలిన గాలిలోనూ ఆక్సిజన్ 16 శాతం దాకా ఉంటుంది. నోటితో నోటికి ఊపిరి ఊది మనిషిని బతికించగలిగేది అందుకే. గోల పెట్టించేది కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో 0.04 శాతం ఉండేది వదిలిన గాలిలో 4 శాతం, అంటే నూరు రెట్లు. నెత్తుట్లో అది కాస్త పెరిగితే చాలు, మెదడు కింది భాగంలోని కేంద్రాలు కంగారు పుట్టిస్తాయి. అందుకే, స్నార్కెల్ వాడేవాళ్లు పీల్చడం కంటే వదలడం మీద ధ్యాస పెట్టాలి. తాపీగా, పూర్తిగా వదిలితే పీల్చడం దానంతటదే బాగుంటుంది.

గొట్టం ఇంకా పొడుగు చేసుకుంటే చెరువు అడుగునే కూర్చోవచ్చు కదా అని అడుగుతావు. కాలవల్లో పిల్లలు బొప్పాయి ఆకు కాడ నోట్లో పెట్టుకుని మునిగి ఆ సరదా తీర్చుకుంటారు, కానీ ముఖం మునిగేంత వరకే. మీటరు లోతుకి పోతే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. రొమ్ము వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే నూరు కిలోలు! లోపల ఉన్నది పైనుంచి వచ్చే మామూలు గాలి, ఆ బరువుకి ఎదురునిలవదు. దుర్యోధనుడికి జలస్తంభన విద్య ఉంది గనక మడుగులో దాగాడు. మన రొమ్ము కండరాలకి అంత శక్తి లేదు. అందుకే స్నార్కెల్ 40 సెంటీమీటర్లు మించదు.

ఏనుగుకి మాత్రం ఈ పని చేతనవును. తొండం పైకెత్తి, ఒళ్లంతా నీళ్లలో ఉంచి ఈదుతుంది. నీళ్లలోకి దిగేవాళ్లు గాలి పీల్చుకునే సాధనాలతో ఆ తొండాన్ని పోల్చినవాడు అరిస్టాటిల్! మన ఊపిరితిత్తుల చుట్టూ రెండు పొరలు, మధ్య పలచటి ద్రవం ఉంటాయి. ఏనుగుకి ఆ సందు కణజాలంతో పూడిపోయి ఉంటుంది. తొండంతో నీళ్లలో ఊపిరి తీసే జంతువు గనక ఆ ఒత్తిడికి సన్నని నెత్తురు నాళాలు చిట్లకుండా ఈ ఏర్పాటు వచ్చిందని జాన్ వెస్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వాదించాడు. అండమాన్ హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదడం చూడటానికి దేశదేశాల నుంచి వచ్చేవారు. 2016లో పోయింది పాపం. నువ్వు పగడాలు చూస్తానంటున్న ఎలిఫెంట్ బీచ్ ఆ దీవిలోదే.

సముద్రం దాకా పోకముందే సాధన చెయ్యి. మొదట ఇంట్లో కుర్చీలో కూర్చుని మాస్కు, గొట్టం పెట్టుకో. ముక్కు మూసుకుపోతుంది, నోటితోనే పీల్చడం అలవాటవ్వాలి. తర్వాత నడుములోతు కొలనులో గట్టు పట్టుకుని ముఖం ముంచు. ముఖానికి చన్నీళ్లు తగిలితే ఊపిరి బిగబట్టడం పుట్టుకతో వచ్చిన గుణం. నిలబడిన చోటే ఆ బిగింపు సడలేదాకా ఉండు, ఈత తర్వాత. గొట్టంలోకి నీళ్లొస్తే ‘ఫూ’ అని ఒక్కసారిగా గట్టిగా ఊది, ఆ తర్వాతి ఊపిరి జాగ్రత్తగా, నెమ్మదిగా తీసుకో.

ఇంకొకటి. లోతుకి మునగాలని ముందుగా గబగబా పెద్ద ఊపిర్లు తీసేవాళ్లని చూస్తావు. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. కింద ఆక్సిజన్ అయిపోతున్నా గోలపెట్టేవాడు ఉండడు. మనిషి హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతాడు. ఈత నిపుణులూ అలా పోయారమ్మా. నువ్వు పైనే తేలుతూ చూడు, పక్కన నిన్ను కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నప్పుడే దిగు.