తక్కువ బడ్జెట్‌లో మొదటి బేస్ గిటార్: షాపులో చేత్తో పట్టుకుని ఏం చూడాలి?

ఈరోజు తక్కువ ధరలో ఎలక్ట్రిక్ బేస్ గిటార్ కొనాలనుకునేవాళ్ల కోసం మాట్లాడుకుందాం. ముందు ఒక చిన్న రిక్వెస్ట్. ఫోన్ స్పీకర్‌లో వింటుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఎందుకంటే బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, అంటే ‘ఈ’ స్ట్రింగ్, సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మీ ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. మీకు వినిపించేది ఆ నోట్ పైన ఉండే హార్మోనిక్స్ మాత్రమే, మిగతాది మెదడు కల్పించుకుంటుంది. ఇళయరాజా పాటలు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, మంచి ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి, తేడా మీకే తెలుస్తుంది. కాబట్టి రివ్యూ వీడియో చూసి, నా వీడియో అయినా సరే, "సౌండ్ సూపర్" అని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకండి. వీలైతే షాపుకి వెళ్లి చేత్తో పట్టుకోండి.

అక్కడ ఏం చూడాలి? నేను పెట్టుకున్న రూల్ సింపుల్: తర్వాత మార్చుకోలేనిది ముందు చూడాలి. తీగలు మార్చొచ్చు, పికప్ మార్చొచ్చు, వాల్యూమ్ నాబ్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు పోతుంది. కానీ నెక్ మెలి తిరిగి ఉంటే ఆ డబ్బు పోయినట్టే.

అందుకే మొదట నెక్. బేస్‌ని కంటి దగ్గర పెట్టుకుని, హెడ్ వైపు నుంచి బ్రిడ్జ్ వైపుకి తుపాకీ గురి చూసినట్టు చూడండి. రెండు అంచులూ ఒకే తీరులో వెళ్లాలి. ఒక అంచు పైకి, ఒకటి కిందికి తిరిగినట్టుంటే వదిలేయండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. కొంచెం వంపు ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, అసలు కాస్త ఉండాలి కూడా. ‘ఈ’ స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకోండి. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం సందు ఉంటే ఓకే. ఎక్కువుంటే లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని బిగించి సరిచేయొచ్చు. షాపతన్ని అక్కడే చేసి చూపించమనండి. ఆ రాడ్ తిరగడం లేదంటే ఆ పీస్ వద్దు.

తర్వాత ఫ్రెట్లు. నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్ ఒక్కోటి వాయించండి. అవును, షాపులో అందరూ మనవైపే చూస్తారు, చూడనివ్వండి, డబ్బు మనది. ఎక్కడైనా నోట్ జర్రుమంటోందా, చచ్చిపోతోందా గమనించండి. జీ స్ట్రింగ్ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక నోట్ త్వరగా ఆగిపోవడం ఖరీదైన బేసుల్లో కూడా ఉంటుంది, దానికోసం రిజెక్ట్ చేయక్కర్లేదు. నెక్ పక్కన అరచేయి జరిపితే ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటున్నాయా చూడండి. పాలిష్ చేయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు మీ బడ్జెట్‌లోకే వస్తుంది.

ఇంటోనేషన్‌కి ఫోన్లో ఫ్రీ ట్యూనర్ యాప్ చాలు. 12వ ఫ్రెట్ మీద తీగని ఊరికే తాకి హార్మోనిక్ వాయించండి, తర్వాత అక్కడే గట్టిగా నొక్కి వాయించండి. రెండూ ఒకే చోట చూపించాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్‌లో సాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువైతే ముందుకి. స్క్రూడ్రైవర్ పని, అంతే.

ఇదంతా ఇంత డిటైల్‌గా ఎందుకు చెప్తున్నానంటే, సెటప్ లేని బేస్‌లో తీగలు చాలా ఎత్తులో ఉంటాయి. నొక్కి నొక్కి వేళ్లు నొప్పి పుట్టి, "నాకు రాదులే" అని మూలన పడేస్తారు. తప్పు వేళ్లది కాదు. దాచుకున్న డబ్బు పెట్టి కొన్నవాళ్లు అలా మానేస్తుంటే బాధనిపిస్తుంది.

ఇంకోటి, స్ట్రాప్ వేసుకుని రెండు చేతులూ వదిలేయండి. హెడ్ కిందికి జారిపోతుంటే దాన్ని నెక్ డైవ్ అంటారు. ప్రాక్టీస్ చేసినంతసేపూ ఎడమచేయి నెక్‌ని మోస్తూనే ఉండాలి.

మోడల్ పేర్లు చెప్పమంటారు కాబట్టి రెండు చెప్తా. యమహా టీఆర్‌బీఎక్స్174, ఐబనెజ్ జీఎస్‌ఆర్200. రెండిట్లోనూ 34 అంగుళాల స్కేల్, ఒక పీ పికప్, ఒక జే పికప్. ఈ పీ అంటే ప్రిసిషన్, లియో ఫెండర్ 1951లో తెచ్చిన బేస్ పేరు. జే అంటే 1960లో వచ్చిన జాజ్ బేస్. యమహా పాసివ్, బ్యాటరీ అక్కర్లేదు, 24 ఫ్రెట్లు. ఐబనెజ్‌కి 22 ఫ్రెట్లు, బేస్ పెంచే నాబ్ ఉంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయండి, లేకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఫస్ట్ బేస్‌కి నా ఓటు యమహాకి, తలనొప్పి తక్కువ. కానీ మీ ముందున్న యమహా పీస్ నెక్ బాగాలేక, ఐబనెజ్ పీస్ నెక్ బాగుంటే ఐబనెజ్ తీసుకోండి. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేసులు కూడా ఉంటాయి, అడగండి.

చివరగా, మొత్తం డబ్బు బేస్ మీదే పెట్టేయకండి. కేబుల్, స్ట్రాప్, వినడానికి ఏదో ఒకటి కావాలి. ఇంట్లో హోమ్ థియేటర్‌కో, ఫ్రెండ్ గిటార్ ఆంప్‌కో పెట్టి గట్టిగా వాయిస్తే ఆ స్పీకర్ చిరిగే ఛాన్స్ ఉంది, అది ఈ లోతుకి చేసింది కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న ఆంప్ ఒకటి తీసుకుంటే చాలు, రాత్రి పదకొండింటికి వాయించినా పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో తీగల ఎత్తు ఇంట్లోనే ఎలా తగ్గించుకోవాలో చూపిస్తా. ఒక అలెన్ కీ సెట్ రెడీగా పెట్టుకోండి. బై.