గంగమ్మ పుట్టిల్లు చూసొద్దామా?

ఏ పూజకైనా కలశంలో నీళ్ళు పోసి గంగమ్మను పిలుచుకుంటాం. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళ ఇంట్లో సీలు వేసిన చిన్న రాగిచెంబు దేవుడి గూట్లో ఉండనే ఉంటుంది. మరి ఆ గంగ ఎక్కడ పుడుతుందో చూడాలని ఎప్పుడైనా అనిపించిందా? కాశీలో మనం మునకలు వేసే గంగ అప్పటికే ఎన్నో ఊళ్ళు దాటి, ఎన్నో నదుల్ని కలుపుకుని వచ్చిన నిండు ముత్తయిదువ. పుట్టింట్లో ఆమె పేరు గంగ కానే కాదు, భాగీరథి! దేవప్రయాగ దగ్గర అలకనందతో కలిశాకే గంగ అంటారు. అక్కడివాళ్ళు ఈ రెండు నదుల్నీ అత్తాకోడళ్ళంటారు. ఉరకలు వేస్తూ అరుచుకుంటూ వచ్చే భాగీరథి అత్తగారట, నెమ్మదిగా వచ్చే అలకనంద కోడలట. అత్తల గురించి అన్ని ప్రాంతాలవాళ్ళకూ ఒకటే అభిప్రాయం ఉన్నట్టుంది!

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో గంగోత్రి ఉంది. గుడి సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. గూర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా కట్టించిన తెల్లరాతి రంగు గుడి. సగరుడి అరవై వేలమంది కొడుకుల కోసం భగీరథుడు తపస్సు చేసింది ఇక్కడేనని నమ్మకం. ఆ రాయిని ఇప్పటికీ చూపిస్తారు. గుడికి కాస్త దిగువన నది జలపాతమై దూకే చోటుకు గౌరీకుండమని పేరు. మన పాటల్లో గంగా గౌరీ సవతులై ఒకరినొకరు దెప్పుకుంటారు కదా, ఇక్కడ మాత్రం సర్దుకుపోయినట్టే!

గుడి అక్షయ తృతీయకు తెరుస్తారు, దీపావళి మర్నాడు మూసేస్తారు. చలికాలం ఆరు నెలలూ అమ్మవారి ఉత్సవమూర్తి కింద ముఖ్బా అనే పల్లెలో ఉంటుంది.

అయితే గంగ నిజంగా పుట్టేది గుడి దగ్గర కాదు. ఇంకా 18 కిలోమీటర్లు పైకి నడవాలి, గోముఖ్ దాకా.

మంచు నది అంటే?

హిమానీనదం, అదే గ్లేసియర్... పేరు వినగానే తళతళలాడే తెల్లటి కొండ కళ్ళముందు కనిపిస్తుంది. పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలకు పేరుకునే మంచు గుర్తుందా? మొదట పిండిలా మెత్తగా ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే పొరమీద పొర పడి, అట్లకాడతో గీకినా రాని గడ్డ అవుతుంది. కొండలమీదా అంతే. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నొక్కుకుపోయి గట్టి గడ్డయి, వాలుమీద ఇడ్లీపిండి జారినట్టు అతి నెమ్మదిగా కిందికి జారుతూ ఉంటుంది. కదులుతుంది కాబట్టే నది అన్నారు. గంగోత్రి హిమానీనదం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. దాని కొస గోముఖ్. అక్కడి మంచుగుహలోంచి బూడిదరంగు నీళ్ళు హోరుమంటూ బయటికొస్తాయి.

వెళ్ళినవాళ్ళలో చాలామంది మొదటిసారి చూడగానే "ఇదేనా?" అంటారు. ఎందుకంటే పైనంతా రాళ్ళూ మట్టీ కప్పేసి ఉంటుంది. ఆవుమూతి పోలిక కూడా ఇప్పుడు వెతుక్కోవాల్సిందే.

మన గోదావరి త్ర్యంబకంలో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. అక్కడ మంచు లేదు, వాన పడితేనే నీళ్ళు. అందుకే ఎండాకాలం మన నదుల్లో ఇసుక తేలుతుంది. గంగకు కూడా ఎక్కువ నీళ్ళిచ్చేది వానలే. కానీ మండు వేసవిలో, వానలు రాకముందు, పైనున్న మంచు కరిగి నదిని ఆదుకుంటుంది. దేవప్రయాగ దగ్గర ఏడాది మొత్తం పారే నీళ్ళలో దాదాపు మూడోవంతు మంచు కరిగి వచ్చిందేనని అంచనా. ఇంట్లో గుట్టుగా దాచిన పోపులపెట్టె డబ్బుల్లాంటిదన్నమాట!

ఆ దాచిన సొమ్మే ఇప్పుడు తరిగిపోతోంది. గంగోత్రి హిమానీనదం కొసను 1935 నుంచి కొలుస్తున్నారు. ఇటీవలి దశాబ్దాల్లో సగటున ఏటా సుమారు 20 మీటర్లు వెనక్కి పోతోంది. మీ అత్తగారు వెళ్ళినప్పుడు చూసిన గోముఖ్, మీరు చూడబోయే గోముఖ్ ఒకచోట ఉండవు. భూమి వేడెక్కడం అసలు కారణం. డీజిలు పొగ, కట్టెల పొయ్యిల మసి గాలిలో వెళ్ళి మంచుమీద పడటం కూడా ఒకటి. నల్లచీర ఎండలో ఎక్కువ వేడెక్కినట్టే, మసిపడ్డ మంచు తొందరగా కరుగుతుంది.

నడక సంగతి

గోముఖ్ దారి గంగోత్రి నేషనల్ పార్కులో ఉంది. రోజుకు 150 మందికే అనుమతిస్తారు, కాబట్టి పర్మిట్ ముందే తీసుకోవాలి. చార్‌ధామ్ యాత్రకు చేయించుకునే రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు సుమా! గంగోత్రి నుంచి 9 కిలోమీటర్లు నడిస్తే చీర్‌బాసా, 14 కిలోమీటర్లకు భోజ్‌బాసా. రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి గోముఖ్ చూసి వెనక్కి రావచ్చు. మధ్యలో కొండ చరియలమీంచి రాళ్ళు దొర్లే చోట్లున్నాయి. అక్కడ ఫొటోలకు ఆగకండి. గుర్రాలు దొరుకుతాయని నమ్ముకుని బయల్దేరనూ వద్దు.

భోజ్‌బాసా అంటే భోజపత్ర చెట్లుండే చోటు. పూర్వం ఆ బెరడు మీదే రాసేవారు. యాత్రికుల వంటచెరకు కోసం నరికీ నరికీ చెట్లు కరువైతే, హర్షవంతి బిష్ట్ అనే పర్వతారోహకురాలు అక్కడ మళ్ళీ మొక్కలు నాటించి పెంచారు. 1981లో నందాదేవి శిఖరం ఎక్కిన ఆవిడే ఈవిడ. 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్‌ది కూడా ఈ ఉత్తరకాశీ జిల్లాయే. ఆడవాళ్ళకు కొండలెందుకనే పెద్దమనిషి మీ ఇంట్లో ఉంటే ఈ రెండు పేర్లూ వినిపించండి.

వంట చేసుకుందామని సామాన్లు కట్టుకెళ్ళేవాళ్ళకో మాట. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. భోజ్‌బాసాలో ఇంకా తక్కువకే. కుక్కర్ లేకపోతే కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు! అటుకులు, వేయించిన పల్లీలు, నువ్వుల చిమ్మిలి, బెల్లం, పులిహోర పొడి పట్టుకెళ్ళండి, హాయి.

గాలి పల్చబడితే పప్పుకే కాదు, మనకూ కష్టమే. తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలైతే "ఇంతదూరం వచ్చాం కదా" అని మొండికేసి పైకి వెళ్ళకండి. అక్కడే ఆగాలి. తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. ఆయాసం ఎక్కువైనా, నడక తడబడినా రాత్రయినా సరే వెంటనే దించేయాలి. దీనికి వయసుతో, ఒంటి బలంతో నిమిత్తం లేదు. హర్సిల్‌లో ఒక రాత్రి, గంగోత్రిలో ఒక రాత్రి ఆగి నడక మొదలుపెడితే ఒళ్ళు అలవాటు పడుతుంది. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా టికెట్లు కొనవద్దు. గర్భిణులు అసలు వద్దు.

గోముఖ్ చేరాక గుహ కిందికెళ్ళి స్నానం చేయాలనే ఆరాటం చాలామందికి ఉంటుంది. పైనుంచి ఎప్పుడు మంచుగడ్డలు విరిగిపడతాయో చెప్పలేం. దూరంగా నిలబడి నాలుగు చుక్కలు తలమీద చల్లుకుంటే చాలు. గంగమ్మ ఏమీ అనుకోదు.

మే, జూన్ లేదా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా వెళ్ళండి. వానాకాలం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. 2013 జూన్‌లో కేదారనాథ్ పైన చోరాబారీ హిమానీనదం పక్కనున్న సరస్సు గట్టు తెగిపోయింది. ఆ వరదల్లో వేలమంది పోయారు, మన తెలుగువాళ్ళెందరో కొండల్లో చిక్కుకుపోయారు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోనే ఉన్న ధరాలీ ఊరిమీద బురదవరద విరుచుకుపడి ఇళ్ళూ హోటళ్ళూ కూరుకుపోయాయి. పోస్టర్లలో చూసిన ఊరు! సెలవులు ఆగస్టులోనే ఉన్నాయని మీవారు అంటే, ఆ ఏటికి కాశీ చాలనండి.

రాగిచెంబు ఇంటినుంచే తీసుకెళ్ళండి, మూత బిగుతుగా ఉన్నది చూసి. పాత చీరలు, పసుపుకుంకాల ప్లాస్టిక్ కవర్లు నదిలో వదలకండి. వచ్చేటప్పుడు చెంబును బట్టల మధ్య నిలువుగా సర్దితే దారిలో ఒలకదు.