ఆ వైరు కట్ చేసి ఉంటే?
నా ఆటోమేటిక్ కారుకి అలారం, రిమోట్ స్టార్ట్ బయట పెట్టించా. వానలు మొదలయ్యాయో లేదో, రాత్రి రెండింటికి ఒకటే హారన్ మోత! అపార్ట్‌మెంట్ అంతా బాల్కనీల్లోకి వచ్చేసింది. పొద్దున రిమోట్ నొక్కితే ఇంజిన్ స్టార్ట్ కాలేదు.

బ్యాటరీ 12.6 వోల్టులు, బానే ఉంది. చివరికి దొరికింది బానెట్ కింద. పిన్ స్విచ్‌లోకి నీళ్లు దిగి తుప్పు పట్టింది. బానెట్ మూసినా తెరిచే ఉందనుకుంటోంది అలారం. తెరిచి ఉంటే రిమోట్ స్టార్ట్ ఒప్పుకోదు మరి.

‘‘ఆ వైరు కట్ చేసేయండి సార్, అయిపోద్ది’’ అన్నాడు ఫిట్టర్. ఫెయిలైన టెస్టుని కామెంట్ చేసి కోడ్ పంపిన చెయ్యే కదా నాది, కట్టర్ దాకా వెళ్లింది. కానీ నాన్న రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి కూలెంట్ చూస్తారు. అప్పుడే నేను పైనుంచి బటన్ నొక్కితే? ఫ్యాన్ బెల్టు పక్కనే ఆయన చేతులు!

కొత్త స్విచ్ వేయించా, నీళ్లు పడని చోట. బానెట్ ఎత్తి రిమోట్ నొక్కా. స్టార్ట్ కాలేదు. హమ్మయ్య!