మీకు తెలుసా? పాలూ పంచదారా అడగని తెల్ల తేయాకు

• తిరువళ్లూరు, తిరుత్తణి టీ కొట్లలో మరిగే డస్ట్ టీ, ఎంతో ఖరీదైన వైట్ టీ ఒకే జాతి మొక్క నుంచి వస్తాయి. పేరు కమేలియా సైనెన్సిస్. తేడా ముఖ్యంగా కోతలో, తయారీలో ఉంది.

• తిరుత్తణి ప్రాంతపు ఎండకు తేయాకు తోటలు నిలవవు. చల్లని గాలి, ఆమ్లగుణమున్న నేల, సమృద్ధిగా వానలు కావాలి. తమిళనాడు పడమటి అంచున ఉన్న నీలగిరుల్లో ఇవన్నీ ఉన్నాయి. అక్కడ సుమారు 1,000 నుంచి 2,500 మీటర్ల ఎత్తులో తోటలు పెంచుతారు.

• ఎత్తు పెరిగేకొద్దీ చలికి చిగురు నెమ్మదిగా ఎదుగుతుంది, సువాసన చిక్కబడుతుంది.

• వైట్ టీ కోసం విచ్చుకోని మొగ్గల్ని, లేత ఆకుల్ని చేత్తో గిల్లి, వాడబెట్టి, ఆరబెడతారు. బ్లాక్ టీలా ఆకును నలపరు కనుక రంగు ముదరదు. మొగ్గ మీది సన్నని నూగే ఆ వెండి మెరుపుకు కారణం.

• వైట్ టీకి పుట్టినిల్లు చైనాలోని ఫుజియాన్. అదే దేశంలోని యునాన్ కొండల్లో, కత్తిరించకుండా వదిలిన తేయాకు మొక్కలు పెద్ద చెట్లయ్యాయి. తోటల్లో మొక్కలు నడుము ఎత్తునే కనిపించేది కత్తిరింపు వల్లే.

• వైట్ టీ ఆకును పొయ్యి మీద మరిగించకండి. సుమారు 80 డిగ్రీల వేడి నీళ్లు పోసి, మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. పాలు కలిపితే సున్నితమైన ఆ రుచి తెలియకుండా పోతుంది.