ఆకాశంలో అగ్నిపరీక్ష

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది తెలుగువారి సామెత. స్వహస్తాలతో విమానం కట్టి, అందులో తానే కూర్చుండి ఎగిరి చూచుట అంతకంటె కఠినమైన పరీక్ష. కట్టిన ఇంటిలో లోపమున్నచో గోడ బీటవారును. దానిని సరిదిద్దుకొనుటకు వ్యవధి ఉండును. విమానంలోని లోపమో, నేలమీద ఉన్నంతవరకు మౌనం వహించి, ఆకాశంలో మాత్రమే నోరు విప్పును. అయినను ఈ సాహసానికి పూనుకొనేవారు ప్రతి తరంలోను కనబడుతూనే ఉన్నారు. వారిలో ఫ్రాన్సు దేశస్థుడైన ఆన్రీ మిన్యే చరిత్ర విజ్ఞాన విద్యార్థులు తెలిసికొనదగినది.

1893లో జన్మించిన మిన్యేకు విమానం ధనికుల సొత్తుగా ఉండరాదన్న పట్టుదల మెండు. అనేక నమూనాలతో కుస్తీ పట్టిన పిమ్మట ఆయన ఒక చిన్న విమానాన్ని రూపొందించి, 1933 సెప్టెంబరు 10న తానే ఎగిరినాడు. దానికి ‘పూ దు సియేల్’ అని పేరు పెట్టినాడు. ఆకాశపు పేను అని ఆ మాటల కర్థం. చెక్కతోను, గుడ్డతోను కట్టిన ఆ విమానాన్ని నడిపినది మోటారు సైకిలు జాతికి చెందిన 17 అశ్వశక్తుల ఇంజను. 1934లో ఆయన దాని నిర్మాణ విధానమంతా పుస్తకంగా ప్రకటించినాడు. చెక్కపెట్టెను మేకులతో బిగించగలవాడు విమానం కూడ చేయగలడని పాఠకులకు ధైర్యం చెప్పినాడు. 1935లో ఇంగ్లీషు చానలును దాటి చూపినాడు. ఫ్రాన్సులోను, బ్రిటన్‌లోను ఎందరో యువకులు రంపం, సుత్తి చేతబట్టినారు.

అంతలోనే విషాద వార్తలు రాసాగినవి. 1935, 1936 సంవత్సరాలలో ఈ విమానాలు కొన్ని ముక్కు క్రిందికి వాల్చి, మరల లేవక నేలను గుద్దుకొన్నవి. నడిపినవారు మరణించినారు. లోపం కట్టినవారి పనితనంలో ఉన్నదా, లేక నమూనాలోనే ఉన్నదా? ఈ ప్రశ్నకు ఊహాగానాలు సమాధానం చెప్పజాలవు. అందుచేత 1936లో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలోను, ఫ్రాన్సులోని షాలే మ్యూడాన్‌లోను విమానాన్నే పెద్ద గాలి సొరంగాలలో నిలిపి పరీక్షించినారు.

అప్పుడు గుట్టు బయటపడినది. ఈ విమానానికి రెండు రెక్కలు ఒకదాని వెనుక నొకటి, చాల దగ్గరగా ఉండెడివి. ముక్కును పైకెత్తవలెనన్న నడుపువాడు కర్రను వెనుకకు లాగును; ముందు రెక్క వాలు మారును. సామాన్యంగా ఈ ఏర్పాటు చక్కగా పనిచేసేది. కాని విమానం ఒక మేరకు మించి క్రిందికి వాలినప్పుడు కథ తారుమారయ్యేది. కర్రను లాగిన కొలది ముందు రెక్క వెనుక అంచు వెనుక రెక్కకు చేరువై, ఆ ఇరుకు సందులో నుండి దూసుకొనిపోయే గాలి వెనుక రెక్కను మరింత పైకి లేపేది. తోక లేచి, ముక్కు ఇంకను క్రుంగేది. ప్రాణరక్షణకు చేసే ప్రయత్నమే ప్రాణాంతకమయ్యేది. ఎంత శ్రద్ధగా కట్టినను ఆ ప్రమాదం తప్పేది కాదు.

మిన్యే వంచకుడు కాడు. ఇతరులకంటె ముందు తన ప్రాణాన్నే పణంగా పెట్టినవాడు. అయినను కాకిపిల్ల కాకికి ముద్దు. పలుమార్లు క్షేమంగా ఎగిరినంత మాత్రాన ఎగరని కోణంలో ఏమున్నదో తెలియదు. ఆయన తరువాత రెక్కల అమరికను సవరించి, 1965లో మరణించేవరకు క్రొత్త నమూనాలు రూపొందిస్తూనే ఉన్నాడు. తప్పు తెలిసిన పిదప దానిని దిద్దుట సాధ్యమే అయినది. తెలియుటకే అన్ని ప్రాణాలు పోవలసివచ్చినది.

నేటి పరీక్షా విధానమంతా ఈ మూల్యాన్ని తగ్గించుటకే ఏర్పడినది. మొదట విమానాన్ని తూచి, భారకేంద్రం ఎక్కడ పడుచున్నదో లెక్కగట్టుదురు. ముక్కు పైకెత్తి నిలిపినను ఇంజనుకు చాలినంత పెట్రోలు అందుచున్నదా అని కొలుతురు. పిదప నేలమీదనే నడిపి బ్రేకులను, చుక్కానిని పరిశీలింతురు. గాలి నిలకడగా ఉన్న దినాన, పొడవైన రన్‌వే నుండి తొలిసారి ఎగురుదురు. వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోయే స్థితిని చాలినంత ఎత్తులోనే పరీక్షింతురు; పొరపాటు జరిగినను కోలుకొనుటకు అవకాశముండవలెను గదా! ప్రతిసారి ఒక్క మెట్టు మాత్రమే ముందుకు.

అమెరికాలో స్వయంనిర్మిత విమానానికి ఇంజను, ప్రొపెల్లరు రకాన్ని బట్టి సాధారణంగా 25 లేక 40 గంటల పరీక్షాయానం, అదియు జనసమ్మర్దం లేని చోట, విధిస్తారు. ఆ దేశపు రవాణా భద్రతా మండలి 2012లో జరిపిన అధ్యయనంలో, ఇటువంటి విమానాల ప్రమాదాలకు ఇంజను వైఫల్యం, గాలిలో అదుపు తప్పుట ముఖ్య కారణాలుగా కనబడినవి. పూర్వం ఈ దశలో నడుపువాడు ఒంటరిగానే ఎగురవలసి యుండెను. 2014 నుండి అర్హుడైన మరియొక పైలట్‌ను వెంట తీసికొనిపోయే అవకాశం కల్పించినారు. కట్టిన చేతికి నడుపు నేర్పు కూడ ఉండి తీరునన్న నియమం లేదని దీని భావం.

తాను కట్టినదానిని తాను నమ్ముట సులభం; దానిని అనుమానించుటకే ఎక్కువ గుండె నిబ్బరం కావలెను. ఆ అనుమానాన్ని నేలమీదనే తీర్చుకొన్నవాడు ఆకాశంలో నిశ్చింతగా ఉండగలడు.